అన్న చేతుల మీద పెట్రోలు

పెట్రోలు వాసనంటే నాకు భయం పట్టుకుని ఏడాది దాటింది. పదిహేనేళ్లుగా ఆ వాసనలోనే ఉద్యోగం చేస్తున్న మనిషి ఈ మాట అంటే మా ప్రయోగశాలలో నవ్వుతారు. అందుకే అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆటో బంకు ముందు ఆగితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. వాసన తగిలిందంటే మా అన్న చేతులు కళ్ల ముందుకొస్తాయి.

మాది బోధన్. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర మోటారు సైకిళ్ల పని నేర్చుకుని వచ్చి, చెరుకు ట్రాక్టర్లు పోయే రోడ్డు పక్కన రేకుల దుకాణం వేశాడు. నన్ను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా చదివించింది ఆ దుకాణమే. ఆ చదువుతోనే తూర్పు తీరంలో ఒక రిఫైనరీలో ఉద్యోగం వచ్చింది. క్యాటలిస్టులు పరీక్షించే ప్రయోగశాలలో నా పని.

అదేం పనో చెప్పకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. ముడి చమురులోంచి తేలిక భాగాలు ఆవిరై పోయాక బరువైన నూనె మిగులుతుంది. దాన్ని ఐదు వందల డిగ్రీలు దాటిన వేడిలో ఒక మెత్తటి పొడితో కలుపుతారు. ఆ పొడే క్యాటలిస్ట్. పొడి రేణువుల్లో కంటికి కనబడని సన్నటి గదులుంటాయి. నూనెలోని పెద్ద అణువులు ఆ గదుల్లో చిక్కుకుని విరిగి, చిన్నవై బయటికొస్తాయి. అందులో ఒక భాగం పెట్రోలు. పొడి మారితే పెట్రోలు కూడా మారుతుంది. ఒక రకం వాడితే ఒలిఫిన్లు ఎక్కువ వస్తాయి, అవి నిలవుంటే జిగురు కడతాయి, బండి పొగలో పోయి గాలిని పాడుచేస్తాయి. వాటిని తగ్గించే పొడి వేస్తే ఇంజన్ కొట్టుకోకుండా కాపాడే ఆక్టేన్ పడిపోతుంది, బెంజీన్ కుటుంబానికి చెందినవి కొంచెం తలెత్తుతాయి. గంధకాన్ని పట్టుకునే పొడి మరొకటి. ఒకదాన్ని అణిచితే ఇంకోటి లేస్తుంది. దేన్ని ఎంత అణిచామో, ఏది ఎంత లేచిందో కొలిచి రాయడం నా ఉద్యోగం. రిపోర్టులో నేనెప్పుడూ 'తీసేశాం' అని రాయలేదు. 'తగ్గించాం' అనే రాస్తాను. ఎంత తగ్గిందో, ఎంత మిగిలిందో పక్కనే అంకె వేస్తాను.

ఆఫీసులో ఇంత జాగ్రత్తగా ఉండే నేను, ఇంటికొచ్చేసరికి నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను.

కొత్త ప్రమాణాల పెట్రోలు బంకుల్లోకి వచ్చిన మరుసటి ఏడాది సెలవు మీద బోధన్ వెళ్లాను. ఆ ప్రమాణాలు అందుకోవడానికి మా ప్రయోగశాల రెండేళ్లు కిందామీదా పడింది. ఆ గర్వం ఇంకా చల్లారలేదు. అన్న దుకాణంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ మొదలుపెట్టాను. అన్న కార్బురేటర్ విప్పుతూ వింటున్నాడు. అన్న పదో తరగతి తప్పినవాడే కానీ ఇంజన్ సంగతి నాకంటే బాగా తెలుసు. నేను పొడి గురించి, గదుల గురించి చెబుతుంటే పని ఆపి నా మొహం చూస్తున్నాడు. ఆ చూపులో సంతోషం నాకు బాగా ఎక్కింది.

"అయితే గిప్పటి పెట్రోల్ల ఏమేం తీసిండ్రు చెల్లె?"

"సీసం ఎప్పుడో పోయింది అన్న. గంధకం ఇప్పుడు లేనట్టే. బెంజీన్ గూడ తీసేసినం."

"గా బెంజీన్ అంటె ఏంది?"

"విషం అన్న. రక్తాన్ని పాడుచేస్తది."

"గదంత మీ పొడితోనే పోయిందా?"

"మా పొడితోటి, ఇంక వేరే యూనిట్లతోటి."

"అంటె ఇగ మన పెట్రోల్ల విషం లేదన్నట్టు."

"లేదన్న," అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆగిపోయాను. బెంజీన్‌ను పూర్తిగా తీసేయలేదని, నూటికి ఒక వంతు దాటకుండా కట్టడి చేశారని నాకు తెలుసు. ఆ ఒక వంతు ఇంజన్‌లో కాలి పొగయ్యే లెక్కలో పెట్టిన హద్దు అని, మనిషి చర్మం మీద పోసుకోవడానికి కాదని కూడా తెలుసు. కానీ అన్న మొహం వెలిగిపోతుంటే మధ్యలో అంకెలు ఎవరు చెబుతారు? టీ గ్లాసు కడిగి పెట్టి ఇంటికి పోయాను. రెండు రోజులకు నా ఉద్యోగానికి నేను వెళ్లిపోయాను.

అన్నకు అప్పటిదాకా పెట్రోలంటే జాగ్రత్త ఉండేది. పని నేర్పిన ఉస్తాద్ పెట్రోలులో సీసం ఉంటుందని, నోట్లోకి పోతే ఎముకల్లో చేరుతుందని భయపెట్టాడట. సీసం పోయి ఎన్నో ఏళ్లైనా ఆ భయం అలాగే ఉండిపోయింది. ట్యాంకులోంచి పెట్రోలు తీయాలంటే అందరిలా పైపు నోట్లో పెట్టి గుంజేవాడు కాదు, చేత్తో నొక్కితే లాగే రబ్బరు బుడ్డి ఒకటి పెట్టుకున్నాడు. సామాన్లు కిరోసిన్‌తో కడిగేవాడు, చేతులు బూడిద సబ్బుతో తోముకునేవాడు. నా మాట విన్న తర్వాత ఇవన్నీ ఒక్కొక్కటే పోయాయి. కిరోసిన్ దొరకడం కష్టమైంది, కాబట్టి బేసిన్‌లోకి పెట్రోలు వచ్చింది. రబ్బరు బుడ్డి పగిలిపోతే కొత్తది కొనకుండా నోటితోనే గుంజాడు. చేతికి పట్టిన మడ్డి సబ్బుకంటే పెట్రోలుకు తొందరగా పోతుందని కనుక్కున్నాడు. ఆపైన కంపెనీలే పెట్రోలులో చెరుకు స్పిరిట్, అంటే ఇథనాల్, కలపడం మొదలైంది. బోధన్ మనిషికి చెరుకు మీద ఉండే నమ్మకం మీకు చెప్పినా అర్థం కాదు. మన పొలంలో పండింది, మనం నమిలేది, అది కలిసిన దానితో మనకేం చెడు జరుగుతుందని అన్న అనుకున్నాడు.

ఇవన్నీ నాకు నిరుడు చలికాలంలో తెలిశాయి.

చెరుకు నరికే రోజులు. నేను మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్లాను. అన్న నన్ను చూసి నవ్వుతూ లేచి, బేసిన్‌లో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి రుద్దుకున్నాడు. బేసిన్‌లో ఉన్నది నీళ్లు కాదని వాసన చెప్పింది. చేతులు దులుపుకుని గుడ్డతో తుడుచుకుని, వదిన పంపిన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె తుంచాడు. 

"అన్న, అది పెట్రోలు గదా?"

"అవ్ పెట్రోలే. ఏమాయె?"

"చేతులు పెట్రోల్‌తోటి కడుక్కుంటరా ఎవరన్న?"

"నువ్వే చెప్తివి గదా చెల్లె, విషం తీసేసినం అని. మస్తు సాఫ్ అయితయి చేతులు. సూడు." అరచేతులు చాపి చూపించాడు.

నేను అరచేతులు చూడలేదు. ముంజేతుల మీద మచ్చలు చూశాను. ఎక్కడో తగిలి కమిలినట్టు ఆకుపచ్చగా, ఊదాగా నాలుగైదు ఉన్నాయి. ఎక్కడ తగిలిందని అడిగితే గుర్తు లేదన్నాడు. మొహం పాలిపోయి ఉంది. పని చేస్తూ చేస్తూ రెండుసార్లు కూర్చున్నాడు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో వదిన తనంతట తానే చెప్పింది.

"రెండు నెలల సంది గిట్లనే ఉంటున్నడు. మెట్లెక్కితె ఆయాసం వస్తది. పండ్లు తోముకుంటె రక్తం పడుతది. దవాఖానకు పోదమంటె ఇనడు. పనెక్కువైంది అంటడు."

ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం, తగలకుండానే కమిలిన మచ్చలు. ఈ మూడూ ఒక వరుసలో నేను ఎక్కడ చదివానో నాకు బాగా తెలుసు. మా ప్రయోగశాల గోడ మీద బెంజీన్ గురించి అంటించిన భద్రతా సూచనల్లో చదివాను. ఏటా శిక్షణలో చదివిస్తారు, కింద సంతకం కూడా పెట్టిస్తారు. వదిన మాట్లాడుతూనే ఉంది. 

మర్నాడు అన్నతో గొడవపడి, అరిచి, ఏడ్చి, నిజామాబాద్ తీసుకుపోయాను. నా కోపం చిన్నప్పటి నుంచీ అంతే, భయమేస్తే తిట్లు వస్తాయి. ఆసుపత్రిలో రక్తం తీశారు. రిపోర్టు చూసిన డాక్టరు కాగితం టేబుల్ మీద పెట్టి, ఏం పని చేస్తారని అడిగితే పెట్రోలు బేసిన్ సంగతి నేను చెప్పాను. తెల్ల కణాలు, ఎర్ర కణాలు, రక్తం గడ్డకట్టించే కణాలు అన్నీ తగ్గాయి. రక్తం తయారయ్యేది ఎముక మూలుగలో కాబట్టి, తుంటి ఎముక నుంచి మూలుగ తీసి హైదరాబాద్ పంపాలి అన్నాడు. అదే రోజు తీసి పంపారు, ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు.

"క్యాన్సరా సార్?" అని నేనే అడిగాను. అన్న ముందు అడగకుండా ఉండాల్సింది.

"ఇప్పుడే ఏం చెప్పలేను అమ్మా. పరీక్ష రానియ్యండి."

ఆ వారం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన వారం. ఆఫీసుకు సెలవు పెట్టి బోధన్‌లోనే ఉండిపోయాను. పరిశోధన పత్రాలు చదవడం నాకు వచ్చిన విద్య. ఆ వారం అది రాకపోయినా బాగుండేదనిపించింది. ఫోన్‌లో ఒకటి తెరిస్తే దానికింద ఇంకొకటి. ఎన్నేళ్లు తాకితే ఏమవుతుంది, ఎవరికి ఏమైంది. రెండు పేజీలు చదివి ఫోన్ బోర్లా పెట్టేదాన్ని, పావుగంటకు మళ్లీ తీసేదాన్ని. అన్న దగ్గితే లేచి వెళ్లేదాన్ని. అన్నం తింటుంటే వేళ్ల గోళ్లు చూసేదాన్ని. కళ్ల కింది రెప్ప లాగి ఎరుపు ఉందా అని చూస్తే, "నన్ను గొడ్డును సూసినట్టు సూస్తున్నవ్," అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఇంకా భయం పుట్టించేది.

దుకాణం మూయమంటే వినలేదు.

"చెరుకు బండ్లు మొదలైనయి. గిప్పుడు దుకాణం బందుపెడితె ఎట్ల? పొలంల ఇంజన్ ఆగితె రైతు యాడికి పోతడు?"

"రైతు ఇంకో దగ్గరికి పోతడు. నువ్వు పోతె మాకు ఇంకో అన్న యాడ దొరుకుతడు?"

మూయడని తెలిశాక కాపలాకు నేనే దిగాను. రోజూ దుకాణానికి అన్నతో పాటే వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. బేసిన్ బయట పడేశాను. పెట్రోలు ముట్టే పని ఏదైనా వస్తే రబ్బరు చేతొడుగులు తొడుక్కుని నేనే చేశాను, అన్న దూరంగా నిలబడి ఎలా విప్పాలో చెప్పేవాడు. పక్క దుకాణంలో పొలాల పంపు ఇంజన్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. అన్న వయసువాడే. ఇరవై ఏళ్ల నుంచి ఇద్దరిదీ ఒకే గోడ. రోజూ రెండుసార్లు మా ఇద్దరికీ టీ పంపేవాడు. ఏమైందని మాత్రం అడగలేదు. నేను చేతొడుగులతో కార్బురేటర్ కడుగుతుంటే కన్నార్పకుండా చూసేవాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అన్న పోతాడేమోనన్న భయం పక్కనే నాకు ఇంకో భయం ఉంది. నేను చెప్పిన మాట వదినకు తెలుస్తుందేమో అని. అన్న ఎప్పుడైనా మాటల మధ్య, "చెల్లె చెప్పింది గదా," అంటాడేమో అని వదిన ఉన్నప్పుడల్లా ప్రాణం బిగబట్టుకుని కూర్చునేదాన్ని. కొన్ని గంటలు ఆ రెండో భయమే పెద్దగా ఉండేది. అన్న బతకాలని మొక్కుకుంటూనే, అన్న నోరు జారకూడదని కూడా మొక్కుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గు పోలేదు.

వారం తర్వాత ముగ్గురం మళ్లీ నిజామాబాద్ బస్సెక్కాం. చెరుకు లోడుతో ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి, బస్సు పక్కకు తీసి ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ నాకు కొంచెం ఊరట. ఆ కాగితం చదవడం ఇంకొన్ని నిమిషాలు వెనక్కి పోతుందని. వదిన కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతోంది. అన్న నిద్రపోయాడు, నిజంగానో మా కోసమో తెలియదు.

డాక్టరు కవరు చించి చదివాడు. మూడు పేజీలు. మొదటి పేజీ తిప్పాడు.

"క్యాన్సర్ కణాలు కనబడలేదు," అన్నాడు.

వదిన చేతులెత్తి దండం పెట్టింది. నేను ఇంకా కదల్లేదు. ఆ గొంతులో ఇంకో మాట ఉందని తెలుస్తూనే ఉంది.

"అట్లని బాగుందని కాదు. మూలుగలో కణాలు తయారుకావడం బాగా తగ్గింది. పెట్రోలు వల్లనే అని నేను కాగితం మీద రాయలేను, కాని అనుమానం దాని మీదనే. ఇప్పటి నుంచి దాన్ని ముట్టొద్దు. మూడు నెలలకొకసారి రక్తం చూద్దాం. కోలుకోవచ్చు. వేరేవైపు తిరగొచ్చు కూడా. కనిపెట్టి ఉండాలె." తర్వాత కళ్లద్దాలు తీసి అన్నను చూశాడు. "ఇన్నేండ్ల నుంచి పని చేస్తున్నరు. పెట్రోలుతోటి చేతులు కడుక్కోవచ్చని మీకు ఎవరు చెప్పిండ్రు?"

వదిన కూడా అన్న వైపు తిరిగింది. నేను నేల చూశాను. ఇప్పుడు చెప్పాలి, నేనే చెప్పాలి అనుకున్నాను. 

"ఎవ్వరు చెప్పలే సార్," అన్నాడు అన్న. "మా పనిల అందరు గట్లనే చేస్తరు."

నా వైపు చూడలేదు.

వదిన మందుల చీటీ తీసుకుని కింద దుకాణానికి వెళ్లింది. మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఏడుపు వస్తోంది, కానీ ఏడ్చే హక్కు ఉందా లేదా అని ఆగిపోయాను. అన్నే మాట్లాడాడు.

"చెల్లె, గిప్పుడు చెప్పు. ఎంత తీసిండ్రు? ఎంత మిగిలింది?"

చెప్పాను. నూటికి ఒక వంతు దాకా ఉండొచ్చన్నాను. అంతకుముందు అంతకంటే ఎక్కువ ఉండేదని, మేం తగ్గించిన మాట నిజమేనని చెప్పాను. చెరుకు స్పిరిట్ కలిసినా మిగతాది పెట్రోలేనని, చర్మం నుంచి లోపలికి పోతుందని, రోజూ చేతులు ముంచితే, నోటితో గుంజితే, ఆవిరి పీలిస్తే ఆ చిన్న వంతే ఒంట్లో పనిచేస్తుందని అన్నీ చెప్పాను. నాలుగేళ్ల కిందట టీ తాగేంతసేపట్లో చెప్పగలిగిన మాటలే అవి. అన్న మధ్యలో అడ్డు రాలేదు, తల ఊపుతూ విన్నాడు.

"గీ మిగిలిన ముచ్చట ముందు చెప్పాలె," అన్నాడు. కోపంగా కాదు. పని నేర్చుకునేవాళ్లకు పొరపాటు చూపించేటప్పుడు అతని గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"నన్ను తిట్టు అన్న."

"తిట్టుడు తర్వాత. ముందుగాల ఇంకో పనున్నది." బెంచీ మీద నుంచి కొంచెం ముందుకు వంగాడు. "నేను ఒక్కన్నే కాదు చెల్లె. నువ్వు చెప్పింది నేను మస్తుమందికి చెప్పిన. మా చెల్లె కంపెనీల చేస్తది, గామె చేతిమీదనే విషం తీసిండ్రు అని. పక్క భాయ్‌కి చెప్పిన. బస్టాండు కాడ ఇద్దరికి చెప్పిన. నవీపేట్‌ల నా దగ్గర పని నేర్చుకున్నాయన ఉన్నడు, గాయనకు గూడ చెప్పిన. నా మాట అంటె వాళ్లకు నమ్మకం."

 వారమంతా ఒక్క మనిషి కోసం భయపడ్డాను. ఇప్పుడు నాకు మొహాలు కూడా తెలియనివాళ్లు, ఎక్కడెక్కడో రేకుల దుకాణాల్లో, మోచేతుల దాకా చేతులు ముంచి కూర్చున్నారు. వాళ్ల రక్తం ఎవరూ పరీక్షించలేదు. వాళ్లు మళ్లీ ఎవరెవరికి చెప్పారో అన్నకూ తెలియదు.

ముగ్గురం తిరుగు బస్సెక్కాం. ఎడపల్లి దాటాక నేను వదిన పక్కకు జరిగి కూర్చుని, పెట్రోలులో విషం లేదని అన్నకు చెప్పింది నేనేనని, ఆ మాట ఇంకా చాలామందికి చేరిందని, వాళ్లందరికీ నిజం చెప్పి రావాలని చెప్పేశాను. వదిన నన్ను తేరిపార చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బోధన్ వచ్చేదాకా అలాగే ఉంది. బస్సు దిగేటప్పుడు నా చేతిలోని మందుల సంచి లాక్కుని, "మీరు పోయి గా పని చూసుకోండ్రి," అని అన్నను ఆటోలో ఇంటికి తీసుకుపోయింది.

నేను ఒక్కదాన్నే దుకాణం వైపు నడిచాను. మా రేకు షట్టర్ దించి ఉంది. పక్కన భాయ్ దుకాణం తెరిచే ఉంది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని పంపు ఇంజన్ సామాన్లు కడుగుతున్నాడు. నన్ను చూసి బేసిన్‌లోంచి చేతులు తీయకుండానే తల ఎత్తాడు.

"ఆవో బహెన్. డాక్టర్ సాబ్ ఏమన్నడు? అన్న మంచిగున్నడా?"

ఆయన ముంజేతులు చూడాలంటే భయమేసింది. అయినా చూశాను. నల్లటి పెట్రోలు మోచేతుల మీద నుంచి కారుతోంది, దాని కింద ఏముందో కనబడటం లేదు.

"చెప్త భాయ్, అన్నీ చెప్త," అన్నాను. "ముందుగాల మీరు చేతులు బయటికి తియ్యుండ్రి."